విమానంలో వేసే సూట్‌కేసుకి తాళం వేయాలా? వేస్తే ఏ తాళం, ఎలా?

రేపు తెల్లవారుజామున ఫ్లైటు. హాల్లో నాలుగు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి, మధ్యలో తూకం మిషను, పక్కన ఆవకాయ డబ్బాకి మూడో కవరు చుడుతున్న అమ్మ. అన్నీ సర్దడం అయ్యాక, సరిగ్గా జిప్పులు లాగే సమయానికి ఎవరో ఒకరు అడుగుతారు, "ఏరా, తాళాలు వేద్దామా వద్దా?" అని. వెయ్యకపోతే సామాను పోతుందని మామయ్య, వేస్తే అమెరికాలో పగలగొట్టేస్తారని బాబాయి. తమాషా ఏమిటంటే ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే సగం సగం. మా చెల్లి డాలస్ వెళ్ళాక మా ఇంట్లో ఈ పంచాయితీ చాలాసార్లు జరిగింది. ఒకసారి తాళమే పోయింది, ఇంకోసారి అసలు తాళం ఊసే లేని బ్యాగు కోసం పదహారు గంటలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం.

నా మాట ముందే చెప్పేస్తాను. వెయ్యండి. కానీ దొంగకి భయపడి కాదు, జిప్పు కోసం వెయ్యండి. బెల్టుల మీద దొర్లుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ వెళ్ళే పెట్టెల్లో జిప్పు పుల్లర్ దేనికో తగులుకుని జరిగిందంటే బ్యాగు నోరు తెరుచుకుంటుంది, లోపలి చీరలు బెల్టు మీద విడిగా తిరుగుతూ వస్తాయి. తాళం ముఖ్యంగా దాన్ని ఆపుతుంది. "ఊరికే తెరిచి చూద్దాం" అనుకునే చేతిని కూడా ఆపుతుంది. తెరవాలనే పట్టుదలతో వచ్చినవాణ్ణి మాత్రం ఆపలేదు. ఎందుకు ఆపలేదో మీ కళ్ళతో మీరే చూస్తే తర్వాత చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ముందు ఒక పాత సూట్‌కేసు దించండి

అటక మీద పనికిరానిది ఒకటి ఉండే ఉంటుంది, జిప్పుది. దాన్ని మూసి, రెండు పుల్లర్లనీ కలిపి ఒక చిన్న తాళం వెయ్యండి. ఇప్పుడు మామూలు బాల్ పెన్ను తీసుకుని జిప్పు పళ్ళ మధ్యలో గట్టిగా పొడవండి. విడిపోతుంది. ఆ సందులో వేలు పెట్టి లాగితే అటూ ఇటూ మొత్తం తెరుచుకుంటుంది, తాళం మాత్రం చెక్కుచెదరకుండా అలాగే వేలాడుతూ ఉంటుంది. ఇంకా అసలు మాయ తర్వాతుంది. ఆ తాళం వేసిన పుల్లర్లనే రెండూ కలిపి జిప్పు మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి లాగండి, మళ్ళీ మూసుకుపోతుంది. పెట్టె తెరిచినట్టు ఆనవాలు కూడా ఉండదు. ఇంటికి వెళ్ళి చూసుకునేదాకా మీకు తెలియదు, అప్పుడు కూడా "నువ్వే పెట్టడం మర్చిపోయి ఉంటావు" అని ఇంట్లోవాళ్ళే అంటారు.

దీనికి విరుగుడు ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. పుల్లర్లు రెండింటినీ ఒకదానితో ఒకటి కలిపి వదిలెయ్యకుండా, పెట్టెకి కదలకుండా ఉన్న దేనికైనా, పక్క హ్యాండిల్‌కో, జిప్పు పక్కన కుట్టిన గట్టి రింగుకో కలిపి తాళం వెయ్యండి. పెట్టెలోనే బిగించి వచ్చే తాళాలైతే పుల్లర్లు దాని కన్నాల్లోకి దూరి అక్కడే ఉండిపోతాయి కాబట్టి ఆ పని అదే చేస్తుంది. ఇలా ఉంటే పెన్నుతో పొడిచి తెరవడం అప్పటికీ కుదురుతుంది గానీ పుల్లర్ జరగదు కాబట్టి మళ్ళీ మూయడం కుదరదు. బెల్టు దగ్గరే, నలుగురి ముందే, తెరిచారని తెలిసిపోతుంది. నాకు తాళం వల్ల కావాల్సింది అదే, తెరవకుండా ఆపకపోయినా తెరిచినట్టు చెప్పాలి.

జిప్పే లేకుండా నొక్కి మూసే ఫ్రేము పెట్టెలకి ఈ బాధ లేదు, అవి నిజంగానే గట్టివి. కానీ ఖాళీ పెట్టె బరువే ఎక్కువ, 23 కిలోల్లో ప్రతి కిలోకీ ఒక అరిసెల డబ్బా లెక్కగట్టే మన ఇళ్ళలో అది కొంచెం కష్టం.

తాళం సంగతి తర్వాత, ముందు లోపల్నుంచి ఏవి తీసేయాలో చూడండి

బంగారం, నగదు, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్, ఇంటి తాళాలు, రోజూ వేసుకునే మందులు, వీటిలో ఏ ఒక్కటీ చెక్-ఇన్ పెట్టెలో ఉండకూడదు, తాళం ఎంత గట్టిదైనా సరే. దొంగతనం ఒక్కటే కారణం కాదు. విమానయాన సంస్థలు తమ నిబంధనల్లోనే రాసుకుంటాయి, నగలు, డబ్బు, ఎలక్ట్రానిక్స్, ముఖ్యమైన కాగితాలు చెక్-ఇన్‌లో పెడితే మా బాధ్యత కాదని. పోయిందని వెళ్ళి అడిగితే మొదట చూపించేది ఆ వాక్యమే.

మామూలు సామానుకైనా లెక్క ఇలా ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణాలకి మాంట్రియల్ ఒప్పందం వర్తించే చోట, 2024 డిసెంబరు 28 నుంచి ఒక ప్రయాణికుడి సామానుకి పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్, మొత్తం కలిపి సుమారు 2 వేల డాలర్లనుకోండి. అది పెట్టెకి కాదు, మనిషికి. పైగా గరిష్ఠం మాత్రమే, పోయినవాటి విలువ మీరు చూపించాలి. పెళ్ళి పట్టుచీరలు నాలుగు ఒకే పెట్టెలో పెట్టారంటే ఆ ఒక్క పెట్టెతోనే ఆ లెక్క దాటిపోతుంది. అందుకే మా అమ్మకి చెప్పేది ఒకటే, రెండు పెట్టెలుంటే ఇద్దరి బట్టలూ రెండింట్లో సగం సగం సర్దమని. ఒకటి రాకపోయినా మర్నాడు కట్టుకోవడానికి ఇద్దరికీ ఏదో ఒకటి ఉంటుంది.

పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో పూర్తిగా నిషేధం, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్ అవర్ల దాకా అయితే అడగక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఆపైన అసలు వద్దు. దాని మీద ఎంఏహెచ్ మాత్రమే రాసుంటే 3.7తో గుణించి వెయ్యితో భాగించండి, 20,000 ఎంఏహెచ్ది 74 వాట్ అవర్లు వస్తుంది, అది మామూలుగా వెళ్ళిపోతుంది. ఎండు కొబ్బరి చిప్పలు కూడా తీసేయండి, కుడకలు అనండి ఏదన్నా అనండి. నూనె ఎక్కువుండి తనంతట తానే వేడెక్కగల సరుకుల్లో దాన్ని లెక్కేస్తారు. పూజ సామానులో కర్పూరం, అగ్గిపెట్టె కూడా అంతే, అత్తగారు ఏ మడత మధ్యలో దాచారో వెతికి తీయండి.

ఇవన్నీ తాళాల గురించిన వ్యాసంలో ఎందుకంటారా, తాళం తెరవాల్సి వచ్చేది చాలావరకు వీటివల్లే. పెట్టె స్కానర్‌లో అనుమానంగా కనిపించకపోతే మీ తాళం జోలికి తనిఖీవాళ్ళు మామూలుగా రారు.

ఎటు వెళ్తున్నారో చూసి తాళం కొనండి

మామయ్యా బాబాయీ పోట్లాడుకునేది ఇక్కడే, ఎందుకంటే మామయ్య తిరిగింది దుబాయ్, బాబాయి వెళ్ళింది న్యూజెర్సీ.

అమెరికా అయితే: సెప్టెంబరు 11 దాడుల తర్వాత 2001 నవంబరులో ప్రయాణాల భద్రత చూడ్డానికి టీఎస్‌ఏ అనే సంస్థ పెట్టారు, 2002 ముగిసేనాటికి చెక్-ఇన్ పెట్టెలన్నిటినీ తనిఖీ చేయడం మొదలైంది. అక్కడ పెట్టె తెరవాల్సి వస్తే మిమ్మల్ని పిలవరు, మీరు గేటు దగ్గర కాఫీ తాగుతూ ఉంటారు, వాళ్ళు తెరిచి చూసి మూసేస్తారు. మామూలు తాళం ఉంటే కత్తిరిస్తారు, దానికి డబ్బేమీ ఇవ్వరు. లోపల ఒక ముద్రించిన కాగితం పెడతారు, మీ పెట్టెను తనిఖీ చేశాం అని. మా నాన్న కోఠిలో బేరమాడి కొన్న ఇత్తడి తాళం అలాగే పోయింది. తాళం పోయినందుకు బాధపడలేదు గానీ ఆ కాగితం మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉంది, వచ్చినవాళ్ళకల్లా చూపిస్తాడు.

దీనికోసమే టీఎస్‌ఏ తాళాలు వచ్చాయి. వాళ్ళ దగ్గర మాస్టర్ తాళంచెవి ఉంటుంది, కత్తిరించకుండా తెరిచి మళ్ళీ వేస్తారు. గుర్తుపట్టడం తేలిక, తాళం మీద ఎర్ర డైమండ్ గుర్తు గానీ ఎర్ర కాగడా గుర్తు గానీ ఉంటుంది. సూట్‌కేసులోనే బిగించి వచ్చేవాటి మీద తాళంచెవి కన్నం పక్కన టీఎస్‌ఏ 007 లాంటి నంబరు రాసి ఉంటుంది. ఆ కన్నం చూసి "తాళంచెవి ఇవ్వలేదేంటి" అని షాపువాడితో గొడవపడకండి, చాలామంది పడతారు, నేనూ పడ్డాను. నంబర్లతో తెరుచుకునే రకంలో ఆ చెవి మనకివ్వరు, అది తనిఖీవాళ్ళదే.

టీఎస్‌ఏ తాళం అంటే గట్టి తాళం అనుకుంటారేమో, కాదు. 2014లో వాషింగ్టన్ పోస్ట్‌లో సామాను తనిఖీ మీద వచ్చిన కథనంలో ఆ మాస్టర్ చెవుల ఫోటో ఒకటి పడింది. 2015లో కొందరు దాన్ని చూసి, త్రీడీ ప్రింటర్లో అచ్చేసుకునేలా నమూనా ఫైళ్ళు తయారుచేసి ఇంటర్నెట్లో పెట్టేశారు. అంటే ఆ చెవి ఎవరికి కావాలంటే వాళ్ళకి దొరుకుతుంది. అయినా నేను టీఎస్‌ఏ తాళమే వెయ్యమంటాను, ఎందుకంటే దాని పని తనిఖీ తర్వాత కూడా జిప్పు మూసి ఉంచడం. పెన్నుతో పోయే జిప్పుకి చెవి ఎవరి దగ్గరుంటే ఏంటి. (అమెరికాలో తుపాకీని చెక్-ఇన్‌లో వేసేవాళ్ళకి మాత్రం పెట్టెకి తాళం తప్పనిసరి, దాని చెవి ప్రయాణికుడి దగ్గరే ఉండాలని చట్టమే చెబుతుంది. మనకి ఆవకాయ గొడవే చాలు.)

మన దేశంలో, హైదరాబాద్ నుంచి బయల్దేరేటప్పుడు: పద్ధతి వేరు. శంషాబాద్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో కౌంటర్లో ఇచ్చిన పెట్టె లోపల బెల్టు మీదే స్కానర్లలోంచి వెళ్తుంది. అనుమానం వస్తే మిమ్మల్ని పిలిపించి మీ ముందు తెరిపిస్తారు. కాబట్టి ఏ తాళమైనా పర్వాలేదు, తెరిచే చెవి మాత్రం మీ జేబులో ఉండాలి. ఈ మాట చిన్నదే గానీ, చెవిని అదే పెట్టె ముందు అరలో పెట్టి పంపేసినవాళ్ళని నేను చూశాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గేటు దగ్గర నిద్రపోకండి కూడా, పేరు పిలిచేది అప్పుడే.

గల్ఫ్: దిగాక కస్టమ్స్‌లో తెరవమంటే మీరే అక్కడ ఉంటారు, మామూలు తాళం చాలు. అట్టపెట్టెకి నైలాన్ తాడు కట్టి మార్కర్‌తో పేరు రాసి తీసుకెళ్ళే అలవాటు జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి, కోనసీమ, కడప వైపు నుంచి వెళ్ళేవాళ్ళలో ఇంకా ఉంది. తప్పేం లేదు, కానీ పెట్టె పెట్టెలాగే ఉండాలి. దుబాయ్ ఎయిర్‌పోర్టు 2017 నుంచి చదునైన అడుగు లేని, గుండ్రంగా మూటలా ఉన్న సామాను ఒప్పుకోవడం లేదు, బెల్టుల్లో ఇరుక్కుపోతోందని. బొంతలు చుట్టి కట్టిన మూట అయితే అక్కడికక్కడ అట్టపెట్టె కొనుక్కుని మార్చుకోవాలి.

దుబాయ్ మీదుగా అమెరికా వెళ్తున్నారా, అప్పుడు అమెరికా లెక్కే. దారిలో అన్నిటికంటే కఠినంగా ఉండే చోటుని బట్టి తాళం.

తాళం కొనడం ఇష్టం లేకపోతే కరెంటు పనివాళ్ళు వైర్లు కట్టే ప్లాస్టిక్ టై చాలు. పది రూపాయల పని. మామూలు తెలుపో నలుపో కాకుండా ఎరుపో ఆకుపచ్చో తీసుకోండి, ఎందుకంటే కత్తిరించి ఇంకోటి వేసినా రంగు తేడా తెలుస్తుంది. దిగాక దాన్ని కోయడానికి ఒక నెయిల్ కట్టర్ పెట్టె బయటి అరలో పడెయ్యండి, లేకపోతే మా నాన్నలా పళ్ళతో కొరకాల్సి వస్తుంది. అమెరికా రూట్లో నేను పెట్టెకి నాలుగు టైలు లోపల కూడా పెడతాను, మొదట దిగిన ఊళ్ళో పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ ఇవ్వాలి కదా, అక్కడ తెరిస్తే మళ్ళీ కట్టడానికి.

ఎయిర్‌పోర్టులో ప్లాస్టిక్ చుట్టించడం గురించి అడుగుతారు. గీతలు పడకుండా, పాత పెట్టె పగిలిపోకుండా అది బాగానే ఉంటుంది. కానీ అమెరికాలో తెరవాలనుకుంటే కోసేస్తారు, తిరిగి చుట్టరు. నేనైతే ఆ డబ్బుతో కొత్త తాళం కొంటాను.

నంబరు పెట్టడం, అంటే సగంమంది తప్పు చేసే చోటు

కొత్త నంబర్ తాళం మామూలుగా 000 మీద వస్తుంది. 000 పెట్టి తెరవండి. పెట్టెలో బిగించిన రకమైతే పక్కన పిన్ను దూరేంత చిన్న బటన్ ఉంటుంది, దాన్ని టిక్ మనేదాకా నొక్కండి, మీ నంబరు తిప్పుకోండి, తర్వాత తెరిచే మీట జరపండి, ఆ బటన్ పైకి వస్తుంది. విడి తాళమైతే సాధారణంగా కొక్కేన్ని తెరిచి, తిప్పి, కిందికి నొక్కి పట్టుకుని నంబరు మార్చాలి. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉంటుంది, డబ్బాలో కాగితం పారెయ్యకండి.

ఇప్పుడు ముఖ్యమైనది. కొత్త నంబరు పెట్టాక పెట్టె తెరిచి ఉండగానే తాళం వేసి, చక్రాలు తిప్పేసి, మళ్ళీ ఆ నంబరుతో తెరిచి చూడండి. మూడుసార్లు. పెట్టె మూసేసి మొదటిసారి పరీక్ష చేస్తే, నంబరు సరిగా కుదరలేదని తెలిసే సమయానికి పాస్‌పోర్టులు లోపల ఉంటాయి (ఉండకూడదని పైన చెప్పాను, అయినా ఉంటాయి). అప్పుడు కూడా గాభరా పడకండి, మూడు చక్రాలంటే 000 నుంచి 999 దాకా వెయ్యి నంబర్లే, ఓపిగ్గా ఒక్కొక్కటీ చూస్తే అరగంటో ముప్పావుగంటో పడుతుంది. మీరు చేయగలిగింది ఇంకొకరూ చేయగలరు, అది కూడా గుర్తుంటుంది.

ఇంట్లో పెట్టెలన్నిటికీ ఒకే నంబరు పెట్టండి. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ తెలియాలి, ఇక్కడ మీకూ అక్కడ తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకీ తెలియాలి. పెద్దవాళ్ళు ఇరవై గంటల ప్రయాణం చేసి నిద్రలేక ఉన్నప్పుడు ఆఫీసర్ తెరవమంటే నాలుగు పెట్టెలకి నాలుగు నంబర్లు ఎవరికి గుర్తుంటాయి. పుట్టినరోజు అంకెలు వద్దు, 123 వద్దు. చివరగా తాళం వేశాక చక్రాలు తిప్పడం మర్చిపోవద్దు, సరైన నంబరు మీదే వదిలేసిన తాళం తాళమే కాదు.

తెరిస్తే తెరిచారు, తెరిచినా గందరగోళం కాకుండా సర్దండి

స్కానర్‌లో ముద్దగా, దట్టంగా ఉన్నది అనుమానంగా కనిపిస్తుంది. పచ్చళ్ళ డబ్బాలు, మైసూర్‌పాక్, నువ్వుల ఉండలు, బెల్లం దిమ్మ, వరసగా పేర్చిన పుస్తకాలు, సరిగ్గా మనం తీసుకెళ్ళేవే. వాటన్నిటినీ ఒకే పెట్టె అడుగున ఒకేచోట కుక్కకండి. నాలుగు వైపులా విడివిడిగా, లోపల ఏముందో కనిపించే కవర్లలో, పైపైనే పెట్టండి. తెరిచినవాడికి మొదట కనిపించేది ఆవకాయే అయితే చూసి మూసేస్తాడు, చీరల కింద వెతకాల్సి వస్తే అన్నీ పైకి లాగి, తర్వాత మీలాగా ఓపిగ్గా మడత పెట్టడు. మా అమ్మ ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి ఇంగ్లీషులో "మామిడి పచ్చడి", "కరివేపాకు పొడి" అని రాయిస్తుంది. మొదట నవ్వాను, ఇప్పుడు నేనే రాస్తున్నాను.

నూనె కారే డబ్బాలకి మూత చుట్టూ టేపు, ఆపైన రెండు కవర్లు. కారిందంటే తాళం ఏ రకమైతేనేం, పక్క పెట్టెలవాళ్ళు కూడా మిమ్మల్నే చూస్తారు. అమెరికాకి చికెన్, మటన్ పచ్చళ్ళు పెట్టకండి, అక్కడ మాంసంతో చేసినవి కస్టమ్స్‌లో తీసేస్తారు. మిగతా తిండి ఏదున్నా ఉందని చెప్పెయ్యండి. లేదని చెప్పి దొరికితేనే జరిమానా.

లోపల పైన ఒక కాగితం, మీ పేరు, అక్కడి ఫోన్ నంబరు, ఇక్కడి ఫోన్ నంబరు, ఫ్లైటు నంబర్లు. బయటి ట్యాగ్ మీద పేరు, ఫోను చాలు. హైదరాబాద్ ఇంటి అడ్రసు డోర్ నంబరుతో సహా బయట వేలాడదీసి "మేం ఊళ్ళో లేం" అని చాటాల్సిన పనిలేదు.

ఫోటోలు

ఇది తాళం కంటే విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను, కారణం కూడా చెబుతాను. 2023 మార్చిలో బ్రెజిల్ నుంచి జర్మనీ వెళ్ళిన ఇద్దరు మహిళల్ని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అరెస్టు చేశారు, వాళ్ళ పేరున్న ట్యాగులతో వచ్చిన రెండు పెట్టెల్లో 40 కిలోల కొకైన్ దొరికిందని. ఆ పెట్టెలు వాళ్ళవి కానే కావు. సావో పౌలోలోని గ్వారుల్యోస్ ఎయిర్‌పోర్టులో పనిచేసే కొందరు ఆ మహిళల పెట్టెల ట్యాగులు పీకి వేరే పెట్టెలకి అంటించారు. సీసీ కెమెరాల్లో అది బయటపడేదాకా 38 రోజులు ఇద్దరూ జైల్లో ఉన్నారు. పెట్టెకి ఎన్ని తాళాలు వేసుంటే ఏం లాభం, తాళాన్ని ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు ఆ ట్యాగులు మార్చినవాళ్ళకి. కానీ మీ పెట్టె ఎలా ఉంటుందో, ఎన్ని కిలోలు తూగిందో, ట్యాగు దేనికి అంటించారో మీ ఫోన్లో ఉంటే, చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉన్నట్టు.

కాబట్టి సర్దాక తెరిచి ఉన్న పెట్టె ఫోటో, మూశాక రెండు వైపుల నుంచి ఫోటో. కౌంటర్లో తూకం మీద ఉన్నప్పుడు బరువు కనిపించేలా ఒకటి, ట్యాగు అంటించాక దాని పది అంకెలు కనిపించేలా ఇంకొకటి. క్యూలో వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అదే చూపుతో ట్యాగు మీది మూడక్షరాలు కూడా చూడండి, మీరు దిగే ఊరిదేనా అని. పాత ప్రయాణాల ట్యాగులు, పెట్టె పక్కన అంటించిన చిన్న చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లు ముందు రాత్రే పీకేయండి, అవి చూసి మిషన్లు తికమకపడతాయి. పెట్టె ఎక్కడుందో ఫోన్లో చూపించే ఎయిర్‌ట్యాగ్ లాంటిది ఉంటే లోపల వెయ్యండి, అందులోని బిళ్ళ బ్యాటరీ చిన్నది కాబట్టి చెక్-ఇన్‌లో ఇబ్బంది లేదు. పెట్టె ఎక్కడ ఆగిపోయిందో కౌంటర్లోవాళ్ళకంటే ముందు మీకే తెలుస్తుంది.

గేటు దగ్గర ఇంకో గండం ఉంది

బంగారం, మందులు అన్నీ చేతి బ్యాగులో పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంటారు. పైన అరలు నిండిపోయాయని, ఈ బ్యాగు కిందికి వెయ్యాలని విమానం తలుపు దగ్గర అంటారు. ఒకసారి మా అమ్మ చేతిలోంచి అలాగే తీసుకున్నారు. నల్లపూసలు, బీపీ మాత్రలు, పవర్ బ్యాంకు అన్నీ అందులోనే, జిప్పుకి తాళం లేదు. ఇంగ్లీషులో ఏం చెప్పాలో తోచక ఇచ్చేసింది. ఏమీ పోలేదు, కానీ ఆ పదహారు గంటలూ ఆవిడ ఒక్క ముద్ద తినలేదంట.

అప్పట్నుంచి మేం చేసేది, చక్రాల బ్యాగు లోపల ఒక చిన్న గుడ్డ సంచి. నగలు, మందులు, కాగితాలు, పవర్ బ్యాంకు అందులో. బ్యాగు ఇచ్చెయ్యమంటే ఆ సంచి ఒక్కటీ లాగి భుజాన వేసుకుని బ్యాగు ఇచ్చేయడమే. ఆ బ్యాగు జిప్పుకి ఒక చిన్న తాళం కూడా తగిలించి ఉంచండి, వేసి కాదు, ఊరికే వేలాడదీసి, అవసరమైతే నొక్కడానికి.

దిగాక

బెల్టు మీద నుంచి పెట్టె తీయగానే బండి మీద పడేసి పరిగెత్తకండి. ట్యాగు నంబరు మీ దగ్గరున్న స్టిక్కర్‌తో సరిపోయిందా, తాళం లేదా టై మీరు వేసిందేనా, పుల్లర్లు ఉన్నచోటే ఉన్నాయా, ఒక్క నిమిషం పని. హైదరాబాద్‌లో దిగినప్పుడు పెట్టె మీద చాక్‌పీస్ గీత కనిపిస్తే తుడిచేయడానికి ప్రయత్నించకండి, కస్టమ్స్‌వాళ్ళు తెరిచి చూడాలనుకున్నారని అర్థం, నంబరు గుర్తుచేసుకుంటూ వెళ్ళండి.

తాళం తెగి ఉన్నా, జిప్పు విడిపోయి ఉన్నా, ముందు ఫోటో. తర్వాత లోపల తనిఖీ కాగితం ఉందేమో చూడండి. అది లేకుండా పెట్టె తేలిగ్గా అనిపిస్తే అక్కడే, ఎయిర్‌పోర్టు దాటకముందే, ఎయిర్‌లైన్ బ్యాగేజీ కౌంటర్‌కి వెళ్ళి మళ్ళీ తూకం వెయ్యమనండి. తూకం ఫోటోలో 22.8 ఉండి ఇప్పుడు 20 వస్తే ఇంకెవరూ మీతో వాదించలేరు. సామానుకి ఏమైందో ఎయిర్‌లైన్ నమోదు చేసే పీఐఆర్ అనే కాగితం రాయించుకుని దాని నంబరు తీసుకోండి. ఇంటికెళ్ళి పడుకుని రేపు ఫోన్ చేద్దాం అనుకుంటే, బయటికి వెళ్ళాక పోయి ఉంటుంది అంటారు.

పీఐఆర్ ఒక్కటే చాలదు, రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా పంపాలి. సామాను పాడైతే పెట్టె అందిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లోపు. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క, అప్పుడు పరిహారం అడగొచ్చు. అమెరికాలో తనిఖీలోనే ఏదైనా పోయిందని అనుమానముంటే టీఎస్‌ఏకి విడిగా క్లెయిమ్ పెట్టుకోవచ్చు, దానికి రెండేళ్ళ గడువుంది, తనిఖీ కాగితం అప్పుడు పనికొస్తుంది. మా నాన్న దాచింది మాత్రం అందుకు కాదు.